డ్రైవర్ ముందు మీటరు లేని కారు: టెస్లా మోడల్ వై తెరతో సర్దుకోవడం ఎలా?

మోడల్ వైలో స్టీరింగు వెనక చూస్తే ఉత్త డాష్‌బోర్డే కనిపిస్తుంది. వేగం, గేరు, బ్యాటరీ శాతం, ఇండికేటర్ బాణాలు, హెచ్చరిక దీపాలు అన్నీ నడుమనున్న 15.4 అంగుళాల తెరలోనే ఉంటాయి. 2025 జులైలో ముంబయిలో 59.89 లక్షల రూపాయల ప్రారంభ ఎక్స్‌షోరూం ధరతో అమ్మకానికి వచ్చిన ఈ కారులో, ముందు అద్దం మీద వేగం చూపే హెడ్‌అప్ డిస్‌ప్లే కూడా లేదు. అంతకంటే చాలా తక్కువ ధరకు దొరికే మహీంద్రా బీఈ 6లో డ్రైవర్ ముందు విడిగా 12.3 అంగుళాల తెర ఉంది. కాబట్టి ఇది డబ్బు చాలక వదిలేసిన భాగం కాదు, కంపెనీ కావాలని తీసేసినది.

నిజానికి నడిమి మీటరు మనకేం కొత్త కాదు. 2008లో ఇండికా విస్టా, 2009లో నానో, 2010 చివర్లో టొయోటా ఎటియోస్ అలాగే వచ్చాయి. హైదరాబాదు, విజయవాడ క్యాబు డ్రైవర్లు ఎటియోస్‌ను లక్షల కిలోమీటర్లు తిప్పారు. మీటరు నడుమ ఉంటే ఎడమ స్టీరింగు దేశాలకూ కుడి స్టీరింగు దేశాలకూ డాష్‌బోర్డును పెద్దగా మార్చక్కర్లేదు, ఖర్చు కలిసొస్తుంది. అయితే ఎటియోస్‌లో ముల్లు మీటరు డాష్‌బోర్డు పైభాగాన, అద్దానికి దగ్గరగా ఉండేది. కళ్లు పక్కకు తిరిగేవి కానీ పెద్దగా కిందికి దిగేవి కావు. మోడల్ వై తెర దానికన్నా కిందుగా ఉంది. అందుకే ఎటియోస్‌కు అలవాటు పడ్డ వాళ్లకు కూడా ఇక్కడ మొదటి వారం కొత్తగానే ఉంటుంది.

కుడి స్టీరింగు కారులో తెర అమరిక కూడా అటుదిటు మారుతుంది. వేగం అంకె కుడివైపు పైన, అంటే డ్రైవరుకు దగ్గరి మూలలో కనబడుతుంది. చూపు తెర మధ్యకు వెళ్లనక్కర్లేదు, ఆ మూలను తాకి వస్తే చాలు. వేగం చూడటానికి నాలుగైదు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. మీటరు అడ్డురాదు కాబట్టి స్టీరింగును చేతులకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు. మామూలు కార్లలో చక్రం సందులోంచి మీటరు కనబడటం కోసం ఎత్తు విషయంలో రాజీ పడతాం, ఇక్కడ ఆ గొడవ లేదు. పక్క సీటులో ఉన్నవారికీ వేగం చక్కగా కనబడుతుంది, వ్యాఖ్యానం ఉచితం.

చూడటంతో పేచీ లేదు, తాకడంతోనే. బటన్ ఎక్కడుందో వేలికి గుర్తుంటుంది, నున్నటి గాజు మీద వేలికి ఏ ఆనవాలూ దొరకదు. ఎన్ని నెలలు నడిపినా తాకబోయే చోటును కన్ను వెతకాల్సిందే. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 120 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. ఏసీ మెనూలో మూడు సెకన్లు పోయాయంటే వంద మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. స్వీడన్ పత్రిక వీ బిలేగరె 2022లో 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు మామూలు పనులు చేయించి చూసింది. 2005 నాటి వోల్వో వీ70 బటన్లతో 10 సెకన్లు పట్టింది, టెస్లా మోడల్ 3 తెర మీద 23.5 సెకన్లు పట్టింది.

అందుకని కారు పార్క్ గేరులో ఉన్నప్పుడే చేసేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పక్క అద్దాలు, స్టీరింగు ఎత్తు తెరలో ఎంచుకుని చక్రం మీది స్క్రోల్ బటన్లతో సరిచేయాలి. ఏసీ గాలి ఎటు తగలాలో కూడా తెర మీదే జరపాలి, గ్లవ్ బాక్సు తెరవాలన్నా తెరే దిక్కు. ఇవన్నీ అయ్యాక డ్రైవర్ ప్రొఫైల్‌లో సేవ్ చేయండి. ఇంట్లో ఇద్దరు నడుపుతుంటే ఇద్దరికీ వేర్వేరు ప్రొఫైళ్లు తప్పనిసరి, లేకపోతే రోజూ బయల్దేరే ముందు అద్దాల పంచాయితీయే. ఆ తర్వాత డిస్‌ప్లే మెనూలో అక్షరాల సైజును పెద్దది చేయండి. ఎడమ స్క్రోల్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఏం జరగాలో మనమే ఎంచుకోవచ్చు. ఎక్కువగా మార్చే పని ఏదుంటే దాన్ని అక్కడ పెట్టుకోండి.

వేగం విషయంలో కంటి పని కొంత చెవికి అప్పగించవచ్చు. స్పీడ్ లిమిట్ వార్నింగ్‌ను చైమ్‌కు మార్చితే పరిమితి దాటగానే గంట మోగుతుంది. మ్యాపులో పరిమితి తప్పుగా ఉన్నచోట ఊరికే మోగుతుంది, అది భరించాలి. ఎలాగూ 2019 జులై నుంచి తయారై మన దేశంలో అమ్మే కార్లన్నింటిలో 80 దాటితే నిమిషానికోసారి, 120 దాటితే ఆగకుండా బీప్ మోగాలన్న నిబంధన ఉంది. ముందు చిరాకు పడే ఆ బీపే మీటరు లేని కారులో అక్కరకొస్తుంది.

వైపర్ల కోసం వాన సెన్సర్ విడిగా లేదు, కెమెరా ముందు అద్దాన్ని చూసి అంచనా వేస్తుంది. సన్న తుంపరలో ఆలస్యంగా కదలడం, దుమ్ము పట్టిన పొడి అద్దం మీద గీకడం రెండూ జరుగుతాయి. వైపర్ బటన్ నొక్కితే ఒకసారి తుడుస్తుంది, అదే సమయంలో తెర మీద వైపర్ మెనూ వస్తుంది. అప్పుడు తెరను తాకకుండా ఎడమ స్క్రోల్‌తో వేగం మార్చుకోవాలి. ఈ పద్ధతిని ఎండలో, కారు ఆపి, పదిసార్లు సాధన చేయండి. తెర మీద వైపర్ సెట్టింగు మారుస్తూ రోడ్డు దిగిపోయిన ఒక టెస్లా డ్రైవరుకు జర్మనీలో 200 యూరోల జరిమానా, నెలపాటు డ్రైవింగు నిషేధం పడ్డాయి. 2020లో కార్ల్స్‌రూహె హైకోర్టు ఆ శిక్షను సమర్థించింది.

గేరు కూడా తెర మీదే. బ్రేకు తొక్కి, అంచు పట్టీ మీద పైకి జరిపితే డ్రైవ్, కిందికి జరిపితే రివర్స్. సందుల్లో ముందుకీ వెనక్కీ తిప్పుకునేటప్పుడు తొందరలో జరిపిన వేలు సగంలో ఆగి గేరు మారకపోవచ్చు. జరిపిన ప్రతిసారీ తెర మీది అక్షరం చూశాకే బ్రేకు వదలండి. తెర పనిచేయకపోతే పైకప్పులో, హజార్డ్ లైటు బటన్ దగ్గర గేరు బటన్లు ఉన్నాయి. కారు తీసుకున్న రోజే వాటిని ఒకసారి వాడి చూడండి.

పక్క అద్దాల్లో కనబడని చోటును చూపే బ్లైండ్ స్పాట్ కెమెరాను ఆన్ చేసుకుంటే ఇండికేటర్ వేయగానే పక్క దృశ్యం తెర మీదకొస్తుంది. మన కార్లలో ఎడమకు తిరిగేటప్పుడు ఇది బ్రహ్మాండం, చూపు వెళ్లే వైపే తెర ఉంటుంది. కుడికి తిరగాల్సినప్పుడు మాత్రం కుడిపక్క ట్రాఫిక్ కోసం ఎడమకు చూడాలి, మెదడు దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. కుడివైపుకు పక్క అద్దాన్నే నమ్ముకోండి.

తెర మొరాయిస్తే? కారు ఆపి, పార్కులో పెట్టి, స్టీరింగు మీది రెండు స్క్రోల్ బటన్లనూ తెర నల్లబడేదాకా నొక్కి పట్టుకుంటే రీస్టార్ట్ అవుతుంది. వేడి విషయంలో జాగ్రత్త అవసరం. 2022 మేలో అమెరికాలో టెస్లా దాదాపు 1.3 లక్షల కార్లను రీకాల్ చేసింది. ఫాస్ట్ చార్జింగ్ సమయంలో తెర వెనకున్న ప్రాసెసర్ వేడెక్కి తెర నెమ్మదించడం, ఆరిపోవడం దానికి కారణం. ఇంటర్నెట్ ద్వారా పంపిన సాఫ్ట్‌వేర్‌తో సరిచేశారు. రామగుండం మే ఎండలో కారు నిలిపేవాళ్లు క్యాబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ ఆన్ చేసుకోవడం మేలు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటకుండా అది చూస్తుంది, కానీ బ్యాటరీ 20 శాతం కంటే తగ్గితే పనిచేయదు.

హెచ్చరిక దీపాల సంగతి ఇంకొకటి. 2024 ఫిబ్రవరిలో దాదాపు 22 లక్షల టెస్లాలు అమెరికాలో రీకాల్ అయ్యాయి. బ్రేక్, పార్క్, ఏబీఎస్ గుర్తుల అక్షరాలు నిబంధన కోరే 3.2 మిల్లీమీటర్ల ఎత్తు కూడా లేవని తేలింది. అదీ సాఫ్ట్‌వేర్‌తోనే సర్దుకుంది. అన్నీ ఒకే తెరలో ఇరికిస్తే మొదట చిన్నబోయేవి ఇలాంటి గుర్తులే.

నలభై ఐదు దాటి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (దూరానికీ దగ్గరకూ ఒకే అద్దం) వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెర ఉండేంత దూరాన్ని స్పష్టంగా చూపే భాగం ఆ అద్దాల్లో నడుమ సన్నని పట్టీలా ఉంటుంది. తెర పక్కన ఉంది కాబట్టి కళ్లు మాత్రమే తిప్పితే అంకె మసకగా కనబడుతుంది, తల కూడా తిప్పాలి. కొనేముందు ఆ అద్దాలతోనే నడిపి చూడండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలుంటే వాటితోనూ తెర నల్లబడుతుందేమో చూసుకోండి.

స్టీరింగు వెనక అతికించే చిన్న మీటరు తెరలు బయట దొరుకుతాయి. కారు వైరింగుకు కలిపే రకం పెట్టిస్తే వారంటీ తగాదా రావచ్చు, ముందే సర్వీసు సెంటరు మాట తీసుకోండి. జీపీఎస్‌తో నడిచేవాటికి ఆ బెడద లేదు గానీ సొరంగంలో వేగం చూపవు, బ్రేకు వేసినప్పుడు అంకె కాస్త ఆలస్యంగా దిగుతుంది.

టెస్ట్ డ్రైవ్‌ను సాయంత్రం, ఎండ ఎడమ కిటికీలోంచి పడే దారిలో అడగండి. అద్దాలు సరిచేయడం, వైపర్ వేగం మార్చడం, ఏసీ రెండు డిగ్రీలు తగ్గించడం, రివర్సులో పార్క్ చేయడం, ఈ నాలుగూ సేల్స్ ఎగ్జిక్యూటివ్ చేయి పెట్టకుండా మీరే చేయండి. మొదటి రెండు కిలోమీటర్లు ఆయన్ను మాట్లాడొద్దని చెప్పండి.