ఇంగ్లండ్ బడులు: రెండంచెలా, మూడంచెలా?

ఇంగ్లండ్‌లో ఎక్కువ చోట్ల పిల్లలు 11 ఏళ్లకు ప్రైమరీ ముగించి నేరుగా సెకండరీకి వెళ్తారు, ఇది రెండంచెలు. ఈ రెంటి మధ్య మిడిల్ స్కూల్ ఉన్న చోట మూడంచెలు; బడి రెండుసార్లు మారాలి, సాధారణంగా 9కి, 13కి. 1964 విద్యా చట్టం దీనికి దారి తెరిచింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని వెస్ట్ రైడింగ్ కౌంటీ విద్యాధికారి అలెక్ క్లెగ్ పట్టుబట్టడంతో 1968లో అక్కడ మిడిల్ స్కూళ్లు మొదలయ్యాయి.

నాకు మూడంచెలే నచ్చుతాయి. పదేళ్ల పిల్లకు సైన్స్ ల్యాబ్, ఫ్రెంచ్‌కి వేరే టీచర్ దొరుకుతారు. పదహారేళ్ల వాళ్ల మధ్య తిరగాల్సిన టెన్షన్ ఉండదు.

చిక్కంతా పరీక్షల దగ్గరే. 1988 చట్టంతో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక 11 ఏళ్ల దగ్గర గీత గీసి, అక్కడ పరీక్ష పెట్టింది. రెండంచెల్లో బడి మారేదీ అప్పుడే. మిడిల్ స్కూల్లో మాత్రం చేరి రెండేళ్లు నిండకముందే పరీక్ష వచ్చిపడుతుంది, ఆ మార్కులకు ఈ బడే జవాబు చెప్పుకోవాలి. ఇది అన్యాయం. చాలా కౌంటీలు వీటిని ఎత్తేశాయి. నార్తంబర్లాండ్‌లో, వూస్టర్‌షైర్‌లో కొన్ని ఇంకా నడుస్తున్నాయి.