ఫెడోరాతో పదేళ్లు: కొన్ని ఫీచర్లు చేతకాక లేనివి కావు

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మాకు చిన్న ఫొటో, వీడియో మిక్సింగ్ షాపు ఉంది. 2014 నుంచి కార్డులు కాపీ చేసే కంప్యూటర్లో ఫెడోరానే వాడుతున్నాను. విండోస్ బదులు వేసుకునే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది, దీని వెనక ఉన్నది అమెరికా కంపెనీ రెడ్‌హ్యాట్.

మొదటి ముహూర్తాల సీజన్ ఇప్పటికీ గుర్తుంది. కొండ మీద పెళ్లి తీసి నేరుగా షాపుకొచ్చిన ఫొటోగ్రాఫర్ 64 జీబీ కార్డు ఇచ్చాడు. పెట్టగానే ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్ ఎక్స్‌ఫ్యాట్’ అని వచ్చింది. “అన్నా, కార్డు పోయిందా?” అన్నాడు, తలంబ్రాల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, మనిషికి చెమటలు పట్టేశాయి. కార్డుకేం కాలేదు. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫైళ్లు దాచుకుంటాయి, దాని పేటెంట్లు మైక్రోసాఫ్ట్‌వి, అందుకే ఫెడోరా దాన్ని తన రిపోల్లో, అంటే సాఫ్ట్‌వేర్ దించుకునే తన సొంత గోదాముల్లో, పెట్టుకోలేదు. ఫెడోరా పెట్టని సాఫ్ట్‌వేర్ ఇచ్చే బయటి రిపో ఆర్పీఎం ఫ్యూజన్ నుంచి ప్యాకేజీ దించుకున్నాక తెరుచుకుంది.

ఇది ఎలా మారిందో తెలుసుకోవాలి. 2005లో ఐబీఎం, సోనీ, ఫిలిప్స్, రెడ్‌హ్యాట్, నోవెల్ కలిసి ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్ పెట్టుకున్నాయి. అందులో చేరిన వాళ్లు లైనక్స్ వరకు ఒకరి పేటెంట్లు ఒకరు పైసా కట్టకుండా వాడుకోవచ్చు. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కూడా చేరింది, 2019 ఆగస్టులో ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్ బయటపెట్టి లైనక్స్‌కి గుండెలాంటి కెర్నెల్లో చేర్చుకోమంది, 2020లో 5.7 కెర్నెల్‌తో శామ్‌సంగ్ వాళ్ల డ్రైవర్ వచ్చేసింది. ఇప్పుడు కార్డు పెడితే చాలు, తెరుచుకుంటుంది. 2006లో మైక్రోసాఫ్ట్, లైనక్స్ అమ్మే నోవెల్ కంపెనీ చేసుకున్న ఒప్పందం ఇలాంటిది కాదు, అది నోవెల్ కస్టమర్లకే పేటెంట్ కేసుల నుంచి రక్షణ, మిగతా లైనక్స్ వాళ్లంతా గడప బయటే. అలాంటి బేరాలను అడ్డుకోవడానికే 2007లో జీపీఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మూడో వెర్షన్లో ప్రత్యేకంగా నిబంధన రాశారు. అందరికీ వర్తించే ఒప్పందమైతేనే నాలాంటి షాపువాడి దాకా వస్తుందని నా నమ్మకం.

పాటల ఎంపీ3కీ ఇదే పేటెంట్ అడ్డం ఉండేది, కానీ దాని సంగతి వేరు, 2017లో ఆ పేటెంట్ల గడువు తీరిపోయింది.

వీడియో దగ్గరే ఇంకా బాధ. నాది ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న మెషీన్. 2022లో ఫెడోరా 37 వేశాక హెచ్.264 అనే ఫార్మాట్ వీడియో ఫైళ్లు ప్లే చేస్తే ఫ్యాన్ హోరెత్తిపోయింది. గ్రాఫిక్స్ కార్డు చేయాల్సిన డీకోడింగ్ అంతా ప్రాసెసర్ మీద పడుతోంది, ఎందుకంటే పేటెంట్ల భయంతో గ్రాఫిక్స్ డ్రైవర్ల ప్యాకేజీ మెసాలో ఆ భాగం ఆపేశారు. ఎవరైనా ఎన్ని కాపీలైనా తీసుకునే సాఫ్ట్‌వేర్‌కి కాపీకి ఇంతని లైసెన్స్ ఫీజు ఎవరు లెక్కగట్టి కడతారు? సిస్కో కంపెనీ ఆ ఫీజు తానే కట్టి, హెచ్.264 ఆడించే ఓపెన్‌హెచ్264 సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తోంది, అది మెచ్చుకోవాలి, కానీ అది ప్రాసెసర్ మీదే నడుస్తుంది, నా ఫ్యాన్ హోరు తగ్గదు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంటే లేదు, అయినా అమెరికా చట్టానికి భయపడి తీసేసిన ఫీచర్ తిరుపతిలో నాకూ లేకుండా పోతోంది. ఇందులో ఫెడోరా వాళ్లను తప్పు పట్టను, దాచకుండా చెప్పే చేశారు.

అందుకే ఫెడోరా మానలేదు. మొన్న చిత్తూరులో బామ్మర్ది షాపులోనూ అదే వేశాను. ముందు ఆర్పీఎం ఫ్యూజన్ కలిపి, మెసా డ్రైవర్‌ని ఆపేసిన భాగం కూడా ఉన్న ఫ్రీవరల్డ్ వెర్షన్‌కి మార్చి, 128 జీబీ కార్డు తెరుచుకుని పెళ్లి వీడియో ఆగకుండా ఆడటం చూశాకే బస్సెక్కాను.