జంతు సంరక్షణ చట్టాల చరిత్రపై ఒక ఆన్‌లైన్ కోర్సు: సమీక్ష

జంతు సంక్షేమ సంఘాలు, మూగజీవుల రక్షణ చట్టాలు ఎలా పుట్టాయో చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. ఇది ప్రధానంగా బ్రిటన్ చరిత్రకే పరిమితం. వీడియో పాఠాలతో పాటు ఆయా చట్టాల ప్రతులను కూడా చదువుకోవడానికి ఇస్తారు.

తొలి పాఠాలే ఈ కోర్సుకు ప్రాణం. పార్లమెంటు సభ్యుడు రిచర్డ్ మార్టిన్ పట్టుదల వల్ల 1822లో వచ్చిన చట్టాన్ని తెర మీద ఉంచి, అది గుర్రాలు, గాడిదలు, ఆవులు, గొర్రెల వంటి పశువులనే కాపాడిందనీ, కుక్కలూ పిల్లులూ దాని పరిధిలోకి రాలేదనీ, ఆబోతులకు వర్తించదని న్యాయస్థానాలు భావించడంతో వాటి మీదికి కుక్కలను ఉసిగొల్పే వినోదాన్ని నిషేధించడానికి 1835 దాకా ఆగవలసి వచ్చిందనీ ఓపికగా వివరించారు.

చట్టం చేసినంత మాత్రాన దెబ్బలు ఆగవు. చూసి, ఫిర్యాదు చేసి, సాక్ష్యం చెప్పేవారు కావాలి. ఆ లోటు తీర్చడానికే 1824లో లండన్‌లోని ఒక కాఫీ హౌస్‌లో జంతువులపై క్రూరత్వ నివారణ సంఘం ఏర్పడింది. స్మిత్‌ఫీల్డ్ పశువుల సంతపై నిఘాకు సొంత డబ్బుతో మనిషిని పెట్టిన మతాచార్యుడు ఆర్థర్ బ్రూమ్, చివరకు సంఘం అప్పుల కారణంగా జైలుకు వెళ్లిన ఘట్టాన్ని చెప్పిన తీరు నన్ను కదిలించింది. ఆయన తరువాత సంఘాన్ని నిలబెట్టి, ఆపై అది క్రైస్తవ సూత్రాలకే కట్టుబడుతుందని ప్రకటించడంతో బయటికి వెళ్లిన యూదుడు లూయిస్ గాంపర్ట్స్‌ను మాత్రం రెండు మాటల్లో దాటేశారు. ఇది ఆయనకు చేసిన అన్యాయమే. 1840లో విక్టోరియా రాణి ఆ సంఘానికి ‘రాయల్’ హోదా ఇచ్చిన ఉత్సవానికి అంతకంటే ఎక్కువ సమయం కేటాయించారు.

జంతువులపై ప్రయోగాలకు లైసెన్సు తప్పనిసరి చేసిన 1876 చట్టం గురించిన పాఠం బాగుంది. ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి వేగం మితిమీరింది. పెంపకపు జంతువుకు లేచి నిలబడడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాచుకోవడానికి వీలుండాలని బ్రిటన్ ప్రభుత్వం నియమించిన బ్రాంబెల్ కమిటీ 1965లో చెప్పడంతో, క్రూరత్వాన్ని శిక్షించడం నుంచి జంతువు అవసరాలను గుర్తించడం వైపు ఆలోచన మళ్లింది. అంతటి మలుపును ఒక్క పాఠం చివర ఇరికించారు.

పరీక్షల్లో సంవత్సరాలే ఎక్కువగా అడగడం మరో లోపం. అయినా న్యాయశాస్త్ర విద్యార్థులకు, జంతు సంరక్షణ సంఘాల్లో పనిచేసేవారికి దీన్ని సిఫారసు చేస్తాను. వీడియో చూసే ముందు చట్టం ప్రతిని చదివితే పాఠం మరింత బాగా అర్థమవుతుంది.