సీ-స్పాన్ వీడియో లైబ్రరీ: ఇరాక్ యుద్ధం మీద ఎన్నికల వాదన మొత్తంగా వినాలనుకునేవాళ్లకు

ఒక యుద్ధం గురించి రెండు పార్టీలు ఎన్నికల సమయంలో ఏం వాదించుకున్నాయో, మధ్యలో ఎవరి వ్యాఖ్యానం లేకుండా వినాలంటే నాకు తెలిసినంతలో అమెరికా చట్టసభల చర్చలు ప్రసారం చేసే టీవీ సంస్థ సీ-స్పాన్ వీడియో లైబ్రరీని మించింది లేదు. పాత రికార్డింగులు చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

నేను ఆర్మీలో సుబేదారుగా రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మిలటరీ మాధవరం అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మిలటరీకి మనుషుల్ని పంపిస్తున్న ఊరు. ఇప్పుడు వర్జీనియాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఎవరితో ఇరాక్ మాట ఎత్తినా రెండే జవాబులు వస్తాయి. సర్జ్ వల్ల, అంటే 2007లో అదనంగా సైన్యాన్ని పంపడం వల్ల గెలిచామని ఒకరు, అసలు వెళ్లడమే తప్పని ఇంకొకరు. రెండింటిలోనూ వెళ్లిన జవాను గురించి ఏమీ ఉండదు. అప్పట్లో వాళ్ల సెనేట్‌లో, అంటే పార్లమెంటు పైసభలో, ఈ మాట ఎవరైనా ఎత్తారా అని అడిగితే, మా మనవరాలు ఈ లైబ్రరీ తెరిచి చూపించింది.

సీ-స్పాన్ ప్రభుత్వ చానల్ కాదు. కేబుల్ కంపెనీలు ఇచ్చే రుసుముతో నడిచే, లాభాపేక్ష లేని సంస్థ. 1979లో ప్రతినిధుల సభ ప్రసారాలతో మొదలైంది. 1987 నుంచి ప్రసారమైనవన్నీ దాచిపెట్టారు, 2010లో వాటిని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచారు. వీడియో కింద మాటలన్నీ అక్షరాల్లో ఉంటాయి. అందులో ఒక పదం వెతికి దాని మీద నొక్కితే వీడియో సరిగ్గా అక్కడికే వెళుతుంది. ఇంగ్లీషు వేగంగా మాట్లాడితే నాకు పట్టుబడదు, కాబట్టి చదువుకుంటూ వినే ఈ వీలు లేకపోతే నేను ఇందులో సగం కూడా వినేవాణ్ణి కాదు.

నేను వెతికింది 2007, 2008 సంవత్సరాల వాదన. 2007 జనవరి 10న అధ్యక్షుడు బుష్ ఇరాక్‌కు మరో 20,000 మందికి పైగా సైన్యాన్ని, ఐదు బ్రిగేడ్లుగా, ముఖ్యంగా బాగ్దాద్‌కు పంపిస్తున్నానని ప్రకటించారు. దాన్నే సర్జ్ అన్నారు. అప్పటికే డెమొక్రాట్లు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) రెండు సభల్లోనూ మెజారిటీ తెచ్చుకున్నారు. అధ్యక్ష ఎన్నికల పోటీ కూడా మొదలైపోయింది. ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ 246-182 ఓట్లతో సర్జ్‌ను తప్పుపట్టింది. సైన్యం వెనక్కి రావడానికి గడువు పెడుతూ కాంగ్రెస్ పంపిన నిధుల బిల్లును బుష్ మే 1న వీటో చేశారు. సెప్టెంబరులో ఇరాక్‌లో అమెరికా సేనల కమాండర్ జనరల్ పెట్రేయస్ కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రోజే, ఆయన ఇంటిపేరును ద్రోహం అనే అర్థం వచ్చేలా విరిచి ఒక సంఘం న్యూయార్క్ టైమ్స్‌లో ప్రకటన వేసింది. యుద్ధరంగం నుంచి వచ్చిన జనరల్‌ను అలా అనడం నాకు కోపం తెప్పించింది. వ్యూహాన్ని ఎంతైనా ప్రశ్నించండి, మనిషిని ద్రోహి అనకండి.

ఆ సాక్ష్యం మాత్రం తప్పకుండా వినాలి. వర్జీనియా రిపబ్లికన్ సెనేటర్ జాన్ వార్నర్, ఈ వ్యూహం వల్ల అమెరికాకు భద్రత పెరుగుతుందా అని అడుగుతారు. పెట్రేయస్ తనకు తెలియదని చెబుతారు. సొంత పార్టీ అధ్యక్షుడి యుద్ధం గురించి ఒక సెనేటర్ అంత సూటిగా అడగడం, ఒక జనరల్ అంత నిజాయితీగా జవాబివ్వడం నేను ఎంతో గౌరవంతో విన్నాను. తర్వాత వచ్చే వివరణలతో కలిపి వింటేనే ఆ జవాబు బరువు తెలుస్తుంది.

కానీ నన్ను కుర్చీలోంచి లేవనివ్వనిది 2007 సెప్టెంబరు 19న సెనేట్‌లో జరిగిన చర్చ. జిమ్ వెబ్ అనే డెమొక్రాట్, ఆయనా వర్జీనియా సెనేటరే, వియత్నాంలో మెరీన్‌గా పోరాడిన మనిషి. ఆయన కొడుకు కూడా ఇరాక్‌లో పనిచేశాడు. రక్షణ బిల్లుకు ఆయన పెట్టిన సవరణ చాలా చిన్నది. ఒక జవాను యుద్ధరంగంలో ఎన్ని నెలలు ఉన్నాడో, మళ్లీ పంపేముందు కనీసం అన్ని నెలలు ఇంటి దగ్గర ఉండాలి. అంతే. అదే ఏడాది ఏప్రిల్‌లో రక్షణ మంత్రి గేట్స్ ఆర్మీ వాళ్ల డ్యూటీని 12 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. సర్జ్‌కు మనుషులు సరిపోవాలంటే అలాగే కుదిరింది. టీవీలో ఐదు బ్రిగేడ్లు అంటారు. ఆ ఐదు బ్రిగేడ్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, ఇలా మూడేసి నెలలు పొడిగిస్తేనే వస్తాయి.

మన ఆర్మీలో ఫీల్డ్ పోస్టింగ్, పీస్ పోస్టింగ్ అని ఉన్నది ఇందుకే. ఫీల్డ్‌లో ఉండి వచ్చినవాడు పీస్ స్టేషన్‌లో భార్యాబిడ్డలతో కొంతకాలం గడపాలి. నా సర్వీసులో సెలవు వాయిదా పడిందని కబురొస్తే ఊళ్లో పెళ్లి ముహూర్తాలు మార్చుకున్నారు. అందుకే వెబ్ మాట్లాడుతున్నప్పుడు మా ఇంటి సంగతి ఎవరో సభలో పెట్టినట్టే అనిపించింది.

అవతలివాళ్ల మాట కూడా పూర్తిగా విన్నాను. యుద్ధం మధ్యలో ఎవర్ని ఎప్పుడు పంపాలో సెనేట్ చట్టం చేస్తే కమాండర్ చేతులు కట్టేసినట్టవుతుందని రిపబ్లికన్ సెనేటర్ మెక్‌కెయిన్ వాదించారు. ఒక యూనిట్‌ను ఇంట్లో ఉంచితే అక్కడున్న ఇంకో యూనిట్ డ్యూటీ పొడిగించాల్సి వస్తుందని గేట్స్ ముందే హెచ్చరించారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. డ్యూటీ చార్టు వేసినవాడికి ఆ ఇబ్బంది తెలుసు. జులైలో ఇదే సవరణను సమర్థించిన వార్నర్, పెంటగాన్ అధికారులతో మాట్లాడాక సెప్టెంబరులో వెనక్కి తగ్గారు. 56 మంది అవునన్నారు, 44 మంది కాదన్నారు. 60 కావాలి కాబట్టి వీగిపోయింది. ఆరుగురు రిపబ్లికన్లు వెబ్ వైపు వచ్చారు. అప్పుడు సెనేటర్లుగా ఉన్న డెమొక్రాట్లు ఒబామా, హిల్లరీ క్లింటన్ కూడా అవునన్నారు. రెండు వైపులా విన్నాక కూడా నేను వెబ్ పక్షమే. మనుషులు చాలకపోతే ఆ సంగతి దేశానికి చెప్పి వ్యూహాన్ని తగ్గించుకోవాలి కానీ, ఆ లోటును జవాను ఇంటి నెలల్లోంచి తీసుకోకూడదు.

ఇదే వెబ్ మరుసటి ఏడాది, 2001 సెప్టెంబరు 11 తర్వాత పనిచేసినవాళ్ల చదువు ఖర్చు భరించే బిల్లు తెచ్చారు. 2008 మే 22న సెనేట్‌లో 75-22తో నెగ్గింది. చదువు ఆశతో జనం ముందే సర్వీసు వదిలేస్తారని మెక్‌కెయిన్ దాన్ని ఒప్పుకోలేదు. ఒబామా దాని మీద విమర్శిస్తే, యూనిఫాం వేసుకోని మనిషి నుంచి పాఠాలు వినక్కర్లేదన్నట్టు మెక్‌కెయిన్ ఘాటుగా జవాబిచ్చారు. వియత్నాం యుద్ధంలో పట్టుబడి ఐదేళ్లకు పైగా హనోయిలో ఖైదీగా ఉన్న మనిషి కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఆ వాదన ఒప్పుకోను. యూనిఫాం వేసుకోనివాడికి కూడా యుద్ధం గురించి ప్రశ్నించే హక్కు ఉంది. లేకపోతే ఇంట్లో ఉన్న తల్లికి కూడా ఉండదు కదా.

ఇక 2008 సెప్టెంబరు 26, మిసిసిపీ యూనివర్సిటీలో అధ్యక్ష అభ్యర్థులు మెక్‌కెయిన్, ఒబామాల మొదటి డిబేట్. ఇరాక్ ముక్కల్ని క్లిప్‌లుగా ఎంతోమంది చూసే ఉంటారు. పూర్తిగా చూడండి. సర్జ్ నెగ్గిందని ఒబామా ఒప్పుకోవడం లేదని మెక్‌కెయిన్ అంటారు. ఎత్తుగడకూ వ్యూహానికీ తేడా ఆయనకు తెలియదంటారు. యుద్ధం 2003లో మొదలైతే మీరు 2007 నుంచి లెక్కపెడుతున్నారని ఒబామా తిప్పికొడతారు. సైన్యానికి నిధులు ఆపారన్న ఆరోపణ దగ్గర మాత్రం కాస్త ఆగి వినండి. గడువు ఉన్న బిల్లును మెక్‌కెయిన్ వ్యతిరేకించారు, గడువు లేని బిల్లును తాను వ్యతిరేకించానని ఒబామా అంటారు. అంటే తేడా గడువు మీద. ప్రచార ప్రకటనల్లో అది జవాన్ల మీద ప్రేమ ఉందా లేదా అన్న తగువుగా మారిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ చేతి కంకణాలు చూపిస్తారు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఇచ్చింది మెక్‌కెయిన్ చేతికి ఉంది. నా బిడ్డ ప్రాణం వృథా కాకుండా చూడమని ఆమె అడిగిందట. ఇంకో తల్లి ఇచ్చింది ఒబామా చేతికి ఉంది. నా బాధ మరో తల్లికి రాకుండా చూడమని ఆమె అడిగిందట. నేను వీడియో ఆపేసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా ఊళ్లో ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో విన్నాను. ఇద్దరు తల్లులూ నిజమే చెప్పారు. ఆ రెండు కోరికల మధ్య ఒక దేశం ఏం చెయ్యాలన్న ప్రశ్నకు ఆ రాత్రి స్టేజీ మీద సమయం చాలలేదు, చర్చ వెంటనే ముందుకు వెళ్లిపోయింది.

సర్జ్ పనిచేసిందా అంటే, 2007లో 900 మందికి పైగా అమెరికా సైనికులు చనిపోతే 2008లో ఆ సంఖ్య 300 చిల్లరకు పడింది. అదనపు సైన్యం ఒక్కటే కారణం కాదు. అన్బర్ ప్రాంతంలో సున్నీ తెగలు 2006 నుంచే అల్ ఖైదాకు ఎదురు తిరిగాయి. 2007 ఆగస్టులో షియా నాయకుడు సదర్ తన మనుషుల్ని కాల్పులు ఆపమన్నారు. 2008 సెప్టెంబరుకల్లా సర్జ్ అనుకున్నదానికంటే బాగా పనిచేసిందని ఒబామా కూడా ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. వెనక్కి రావడానికి 2011 డిసెంబరు 31 గడువుగా ఇరాక్‌తో ఒప్పందం కుదుర్చుకున్నది మాత్రం బుష్ ప్రభుత్వమే, 2008 నవంబరులో, ఎన్నికలు అయిపోయిన తర్వాత.

లైబ్రరీ లోపాలకు వస్తాను. కింద వచ్చే అక్షరాలు దిద్దినవి కావు. పేర్లు తప్పుగా పడతాయి, ముఖ్యంగా ఇరాకీ పేర్లు. ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే తేదీతో వెతకండి. సభల లోపలి కెమెరాలు సీ-స్పాన్ చేతిలో ఉండవు, సభలే నడుపుతాయి. మాట్లాడేవాళ్ల మీదే చూపు నిలబడుతుంది కాబట్టి, వినేవాళ్లు ఎంతమంది ఉన్నారో, ఎలా ఉన్నారో తెలియదు. 2007 జులైలో మంచాలు వేసుకుని రాత్రంతా నడిపిన సెనేట్ చర్చ చూస్తే ఈ లోటు బాగా తెలుస్తుంది. కమిటీ విచారణల్లో కెమెరా ఇంతకంటే నయం. లైవ్ చానల్ చూడాలంటే కేబుల్ లాంటి టీవీ ఖాతా అడుగుతుంది. తెలుగు సంగతి అటుంచి, మామూలు ఇంగ్లీషులో కూడా చిన్న పరిచయమే ఉంటుంది. వృద్ధులకు ఇది కష్టం. అర తగ్గించింది ఇందుకే.

ఉదయం వచ్చే వాషింగ్టన్ జర్నల్ పాత ఎపిసోడ్లు కూడా అక్కడే ఉన్నాయి. డెమొక్రాట్లకు ఒక ఫోన్ నంబరు, రిపబ్లికన్లకు ఒకటి, ఏ పార్టీకీ చెందనివాళ్లకు ఒకటి. ఒక్కోసారి మాజీ సైనికులకు వేరే నంబరు ఇస్తారు. యాంకర్ తన అభిప్రాయం చెప్పరు, అరవరు, ఫోన్ చేసినవాళ్లను మాట్లాడనిస్తారు. రాత్రి ఎనిమిదింటి టీవీ గొడవలకు అలవాటుపడ్డ మనకు ఇది ఎంతో హాయిగా ఉంటుంది. సైనికుల భార్యలు ఫోన్ చేసిన భాగాలు వెతుక్కుని వినండి.

కొత్తగా చూసేవాళ్లు డిబేట్‌తో మొదలుపెట్టకండి. ముందు 2007 సెప్టెంబరు సాక్ష్యం, తర్వాత వెబ్ సవరణ, ఆ తర్వాత 2008 ఏప్రిల్ 8 విచారణలు. ఆ రోజు మెక్‌కెయిన్, క్లింటన్, ఒబామా ముగ్గురూ పెట్రేయస్‌ను ప్రశ్నించారు. ఇవి విన్నాక డిబేట్‌కు వెళితే ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. కావలసిన ముక్క కత్తిరించి దాచుకోవాలంటే ఉచిత ఖాతా తెరవాలి. కత్తిరించి ఎవరికైనా పంపేటప్పుడు అవతలివాళ్ల జవాబు కూడా కలిపి పంపండి.