హెపటైటిస్‌ బి జాడ తీయడానికి ఏది మేలు: సబ్‌టైపా, జీనోటైపా?

హెపటైటిస్‌ బి వైరస్‌ ప్రపంచమంతటా ఉన్నా, ఒక్కొక్క ప్రాంతపు జనంలో ఒక్కొక్క రకం ప్రబలంగా కనిపిస్తుంది. ఈ తేడాను కొలిచే పద్ధతులు రెండు. 1970ల నాటి సబ్‌టైప్‌ పద్ధతిలో వైరస్‌ ఉపరితలంపై ఉండే యాంటిజెన్‌ను (శరీరం పరాయిదిగా గుర్తించే ప్రోటీన్‌ను) యాంటీబాడీలతో గుర్తిస్తారు. 1988లో జపాన్‌ పరిశోధకుడు ఒకమోటో బృందం ప్రతిపాదించిన జీనోటైప్‌ పద్ధతిలో సుమారు 3,200 అక్షరాల జన్యుక్రమాన్ని మొత్తంగా పోల్చి, 8 శాతమో అంతకు మించో తేడా ఉంటే వేరే రకంగా లెక్కిస్తారు.

సబ్‌టైప్‌ లెక్క చూడడానికి సులువుగా ఉంటుంది. ‘ఎ’ అనే గుర్తు అన్నింటికీ ఉమ్మడి. దానికి ‘డి’ లేదా ‘వై’, ‘డబ్ల్యు’ లేదా ‘ఆర్‌’ తోడవుతాయి. ఈ పద్ధతిని తేలిక చేసి మాట్లాడడం న్యాయం కాదు. జపాన్‌లో ఎక్కువ భాగం ‘ఎడిఆర్‌’ ఉండగా, దక్షిణాన ఒకినావాలోను, ఉత్తరాన తొహోకు ప్రాంతంలోను ‘ఎడిడబ్ల్యు’ ఎక్కువని ఈ పరీక్షలే చూపించాయి. జీనోటైపుల పేర్లూ ‘ఎ’, ‘బి’, ‘సి’, ‘డి’ వంటి అక్షరాలే కాని, వాటికి సబ్‌టైప్‌ గుర్తులతో సంబంధం లేదు. తరువాత జీనోటైపులు చూసినప్పుడు మొదటిది ‘సి’గా, రెండవది ‘బి’గా తేలి, పాత పటం చాలావరకు నిలిచింది. చిక్కల్లా ఆ గుర్తులు నిలిచే చోటుతోనే. యాంటిజెన్‌లో 122వ స్థానాన లైసిన్‌ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినిన్‌ అనే మరొకటి వస్తే ‘డి’ కాస్తా ‘వై’ అవుతుంది. 160వ స్థానాన అదే మార్పు జరిగితే ‘డబ్ల్యు’ ‘ఆర్‌’ అవుతుంది. ఒక్క అక్షరం మారితే పేరు మారిపోయే గుర్తును వంశవృక్షానికి ఆధారం చేసుకోవడం సాహసమే.

ఆ సాహసం ఎక్కడికి దారి తీస్తుందో ఆస్ట్రేలియా చూపుతుంది. అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్‌ అక్కడి ఒక ఆదివాసి రక్తంలో కనుగొని, 1965లో ప్రకటించి, ‘ఆస్ట్రేలియా యాంటిజెన్‌’ అని పేరు పెట్టినది ఈ వైరస్‌ యాంటిజెనే. అక్కడి ఉత్తర ప్రాంతపు ఆదివాసుల్లోని వైరస్‌ ప్రధానంగా ‘ఎవైడబ్ల్యు3’ సబ్‌టైప్‌ (చివరి 3 ‘డబ్ల్యు’లోని ఒక ఉపరకం). ఇది మామూలుగా మధ్యధరా ప్రాంతంలోను, పశ్చిమాసియాలోను ఎక్కువగా ఉండే ‘డి’ జీనోటైపులో కనిపించే గుర్తు. పేరును బట్టి బంధుత్వం కడితే వైరస్‌ అటునుంచి వచ్చిందనుకోవాలి. జన్యుక్రమం చదివితే అది ఆసియా, పసిఫిక్‌ ప్రాంతాల ‘సి’ కుటుంబానికి చెందిన ‘సి4’ అనే శాఖ అని తేలింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, జనుల వలసలను అంచనా వేయడానికి జీనోటైపే మేలనడానికి.

అయితే జీనోటైప్‌ అక్షరం దగ్గరే ఆగిపోవడమూ పొరపాటే. జీనోటైప్‌ ‘ఎ’లోని శాఖల్లో ‘ఎ1’ ఆఫ్రికాలోను దక్షిణాసియాలోను, ‘ఎ2’ ఐరోపాలోను ప్రధానం. జపాన్‌ ‘బి’కి, తక్కిన ఆసియాలోని ‘బి’లో ఎక్కువ భాగానికి తేడా ఉంది, ఎందుకంటే రెండవదానిలో ‘సి’ నుంచి వచ్చిన జన్యు ముక్క కలిసి ఉంది. భారతదేశంలో ‘డి’ ఎక్కువ, తరువాతి స్థానం ‘ఎ’ది, తూర్పు, ఈశాన్య ప్రాంతాల్లో ‘సి’ కూడా కలుస్తుంది.

వైద్యుడికి కూడా జీనోటైపే ఎక్కువ పనికొస్తుంది: ఇంటర్‌ఫెరాన్‌ చికిత్సకు ‘ఎ’, ‘బి’లు ‘సి’, ‘డి’ల కంటే బాగా స్పందిస్తాయి; ‘బి’ కంటే ‘సి’లో కాలేయ క్యాన్సర్‌ ముప్పు ఎక్కువ. వైరస్‌ను అణచే టెనోఫోవిర్‌, ఎంటెకవిర్‌ మాత్రలకు ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు.

సబ్‌టైపుకు మిగిలిన చోటు రెండు సందర్భాల్లో ఉంది. రక్తంలో వైరస్‌ డీఎన్‌ఏ అతి తక్కువగా ఉన్నప్పుడు జన్యుక్రమం చదవడం కుదరకపోవచ్చు. అప్పుడు కూడా డీఎన్‌ఏ లేని ఖాళీ యాంటిజెన్‌ రేణువులు పుష్కలంగా ఉంటాయి కనుక సబ్‌టైప్‌ తెలుసుకోవచ్చు. రెండవది టీకా. చాలా టీకాలు ‘ఎడిడబ్ల్యు’ యాంటిజెన్‌తో తయారైనా, అన్నింటికీ ఉమ్మడిదైన ఆ ‘ఎ’ గుర్తు కారణంగానే ఇతర రకాల నుంచి కూడా రక్షణ ఇస్తాయి.