ఎదురెదురు పేజీల పాఠం: ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఎంతవరకు పనికొస్తాయి?

ప్రభుత్వ బడుల పిల్లలకు ఉచితంగా ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో, అవే బొమ్మలతో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి 2020-21లో మొదలయ్యాయి. తెలంగాణలో 2022-23లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు వచ్చాయి. ఇంగ్లిష్ అర్థంకాని పిల్లలకు తెలుగు పేజీ ఒక ఆసరా అని అందరూ అనుకుంటారు. ఆసరా నిజమే, కానీ ఈ పుస్తకాల అసలు విలువ అంతకంటే పెద్దది. సైన్సుకో భాష, లెక్కలకో భాష, సాంఘికశాస్త్రానికో భాష ఉంటాయన్న సంగతిని పిల్లల కళ్లముందు పెట్టగల పుస్తకాలు మన బడుల్లో ఇవే. 6, 7, 8 తరగతుల సైన్సు, గణితం, సాంఘికశాస్త్రం పుస్తకాలను ఆ దృష్టితో చూసి రాసిన సమీక్ష ఇది.

ముందు మాటల సంగతి. ఇంగ్లిష్‌లో 'పవర్' అన్నది ఒకటే మాట. గణితంలో దాన్ని ఘాతం అంటాం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం, పౌరశాస్త్రంలో అధికారం. 'ప్రొడక్ట్' లెక్కల్లో లబ్ధం, సాంఘికశాస్త్రంలో ఉత్పత్తి. 'సెల్' జీవశాస్త్రంలో కణం, విద్యుత్ పాఠంలో ఘటం. 'సొల్యూషన్' ఒకచోట ద్రావణం, ఇంకోచోట సాధన. 'రివల్యూషన్' భూమికైతే పరిభ్రమణం, ఫ్రాన్సుకైతే విప్లవం. ఇంగ్లిష్ పుస్తకం ఒక్కటే చదివే పిల్లవాడికి ఈ తేడా ఎక్కడా కనిపించదు, ఒక సబ్జెక్టులో నేర్చుకున్న అర్థాన్నే ఇంకో సబ్జెక్టులోకి మోసుకెళ్తాడు. ఎదుటి పేజీ ఆ తేడాను వెంటనే పట్టిస్తుంది. తరగతి గోడకు ఒక చార్టు కట్టి, ఇలాంటి మాట ఎదురైనప్పుడల్లా సబ్జెక్టు పేరు, తెలుగు మాట, ఒక వాక్యం పిల్లలతోనే రాయించాలి. వారానికి 3 మాటలు చాలు. సైన్సు సారు, లెక్కల సారు, సోషల్ టీచరు అదే చార్టు మీద రాయాలి. ఎవరి చార్టు వాళ్లు పెట్టుకుంటే ప్రయోజనం పోతుంది.

ఇక వాక్యం. ఇంగ్లిష్ నిర్వచనాల్లో చాలావాటికి పేరు ముందొస్తుంది, వివరణ తర్వాత. తెలుగులో 'మొక్కలు సూర్యకాంతి సాయంతో ఆహారం తయారుచేసుకునే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు' అన్నప్పుడు వివరణంతా అయ్యాక పేరు వస్తుంది. అందుకే తెలుగు పేజీలో 'అంటారు' కనిపించగానే దానికి ముందున్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, వాక్యం మొదటికి వెళ్లి మళ్లీ చదవడం అలవాటు చేయాలి. ఇంగ్లిష్ పేజీలో 'ఈజ్ కాల్డ్' ఉంటే పేరు దాని తర్వాత, 'ఈజ్ ద ప్రాసెస్' ఉంటే దానికి ముందు వెతకాలి. ఇది పది నిమిషాల్లో నేర్పగలిగిన పని, ఏడాదంతా అక్కరకొస్తుంది.

ఈ ఎదురెదురు పేజీల మేలు ఎక్కువగా దక్కేది గణితంలో. 'ఫైవ్ లెస్ దేన్ ఎక్స్' అనే మాటను బీజీయ సమాసంగా రాయమంటే పిల్లలు విన్న వరసలోనే రాస్తారు: 5 ముందు, తీసివేత గుర్తు, ఆ తర్వాత ఎక్స్. తప్పు. తెలుగు పేజీలో అదే 'ఎక్స్ కంటే 5 తక్కువ'. ఇక్కడ మాటల వరస, గుర్తుల వరస ఒకటే: ముందు ఎక్స్, దాన్నుంచి 5 తీసివేత. 'సబ్‌ట్రాక్ట్ ఫైవ్ ఫ్రమ్ ట్వెల్వ్', '12 నుంచి 5 తీసివేయి' అన్న జతలోనూ ఇంతే. తెలుగు వాక్యం ఇలాంటి చోట పిల్లవాడికి సరైన దారి చూపిస్తోంది, ఇంగ్లిష్ వాక్యంలో దారి తిరగేసి ఉంది. రాత లెక్కలు మొదలుపెట్టేటప్పుడు ముందు తెలుగు పేజీ మీద సమాసం రాయించి, అదే సమాసాన్ని ఇంగ్లిష్ వాక్యం కింద పెట్టి, ఏ మాట ఎటు జరిగిందో బాణం గుర్తులతో కలపమనాలి. అలాంటి 6 వాక్యాలు ఒక పీరియడ్‌కు సరిపోతాయి.

పని ఎక్కడ చెడుతుందంటే, ఒక ఇంగ్లిష్ వాక్యం చదివి దాని తెలుగు చెప్పి, మళ్లీ తర్వాతి వాక్యానికి వెళ్లే బోధనలో. అప్పుడు చదివేది టీచరే, పిల్లలు వినేవాళ్లు. తెలుగు వస్తుందని తెలిసిపోయాక ఇంగ్లిష్ పేజీ వైపు ఎవరూ చూడరు కూడా. పైగా రెండు భాషల్లో వాక్య నిర్మాణం వేరు కాబట్టి వాక్యానికి వాక్యం పోల్చడం చాలాచోట్ల కుదరదు. పోల్చాల్సింది పేరాకు పేరా.

45 నిమిషాల పీరియడ్ ఉందనుకుందాం. మొదటి 5 నిమిషాలు బొమ్మ, శీర్షిక చూసి పాఠం దేని గురించో పిల్లలు చెప్పాలి. తర్వాత తెలుగు పేజీలో ఒకే ఒక పేరా మౌనంగా చదివి, పుస్తకం మూసి పక్కవాళ్లకు చెప్పాలి. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పనివ్వండి. 'వేర్లు నీళ్లు గుంజుకుంటయ్' అన్న పిల్లకు శోషణ అంటే ఏమిటో తెలుసు, ఇక పేరు అందివ్వడమే మన పని. దీనికి 10 నిమిషాలు. తర్వాత తెలుగు పేజీని నోటుబుక్కుతో కప్పేసి, అదే పేరా ఇంగ్లిష్‌లో చదువుతూ 5 పారిభాషిక పదాలు గుర్తించాలి. ఇది 10 నిమిషాల పని. మిగిలిన 20 నిమిషాలూ రాతకే. రాతను ఇంటిపనికి వదిలేశారంటే మర్నాడు గైడులోంచి ఎక్కించిన జవాబే వస్తుంది.

రాతకు ఇలా సగం వాక్యం ఇవ్వాలి: 'గాలి వీచే రోజున బట్టలు త్వరగా ఆరతాయి, ఎందుకంటే...', 'గాలి వీచే రోజున బట్టలు త్వరగా ఆరతాయి, కాబట్టి...', 'గాలి వీచినా బట్టలు ఆరలేదు, ఎందుకంటే...'. మూడూ పూర్తిచేయాలంటే బాష్పీభవనం, అంటే నీరు ఆవిరవడం, అర్థమై ఉండాలి, ఏ గైడులోనూ వీటికి జవాబు దొరకదు. సాంఘికశాస్త్రంలో పేరా కంటే ముందు పట్టికనో పటాన్నో చదివించి, దాన్నుంచి 2 వాక్యాలు రాయించడం మేలు. ఒకటి అంకెలను చెప్పేది, ఇంకొకటి ఆ అంకెలకు కారణం చెప్పేది. దిద్దేటప్పుడు అక్షరదోషాలన్నీ ఎర్రసిరాతో చుట్టేయకండి. కారణం సరిగ్గా ఉందా, పారిభాషిక పదం దాని చోట ఉందా, ఈ రెండే చూడండి.

లోపాలూ ఉన్నాయి. తెలుగు పారిభాషిక పదాలు కొన్ని ఇంగ్లిష్ కంటే బరువు. బాష్పీభవనం, బాష్పోత్సేకం పక్కపక్కన వస్తే పెద్దవాళ్లే తడబడతారు. బాష్పం అంటే ఆవిరి అని విడగొట్టి, ఒకటి నీటి ఉపరితలం మీద జరిగేది, ఇంకొకటి ఆకుల్లోంచి జరిగేది అని బొమ్మ గీసి చూపించాలి. కీలక పదాల జాబితా ఉన్నచోట కూడా ఆ పదాలకు ఒకదానితో ఒకటికి ఉన్న సంబంధం టీచరే చెప్పుకోవాలి. పేజీలు రెట్టింపు కావడంతో పుస్తకాన్ని రెండు భాగాలు చేశారు, రెండో భాగంలో పాత భావన అవసరమైనప్పుడు మొదటి భాగం పిల్లల సంచిలో ఉండదు. దాన్ని తరగతి బీరువాలో 5 కాపీలైనా ఉంచుకోవాలి.

ప్రైవేటు బడుల పిల్లలకూ, వేరే రాష్ట్రాల్లో, విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకూ పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో చూస్తే మాత్రం ఒక్కో పేజీ విడివిడిగా కనిపించి, ఎదురెదురు ఉండాల్సిన అమరిక పోతుంది. కంప్యూటర్‌లో రెండు పేజీల వ్యూ పెట్టి, అట్టను విడిగా చూపించే ఆప్షన్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే ఈ పాఠం ఇంగ్లిష్ పేజీ పక్కన వెనకటి పేజీ తెలుగు వచ్చి కూర్చుంటుంది. ఒక్క పాఠమే రెండు వైపులా ప్రింటు తీసుకునేటప్పుడు మొదట ఒక ఖాళీ పేజీ చేర్చండి. అప్పుడు పాఠం మొదటి పేజీ కాగితం వెనక వైపున పడి, దాని జత ఎదురుగా వస్తుంది.