శ్రీలంకలో ఏనుగులు: పిన్నవల మేలా, ఉడవలవె మేలా?

హైదరాబాద్, చెన్నైల నుంచి రామాయణ యాత్ర పేరుతో శ్రీలంకకు తీసుకెళ్లే ప్యాకేజీల్లో క్యాండీ, నువర ఎలియ దగ్గరి సీతమ్మ గుడి ఎంత మామూలో పిన్నవల ఏనుగుల అనాథాశ్రమం కూడా అంతే మామూలు. కొలంబో నుంచి క్యాండీ వెళ్లే రోడ్డులో కేగల్లె దాటి ఎడమకు తిరిగితే వచ్చేస్తుంది కాబట్టి ట్రావెల్స్ వాళ్లకు అది సులువు. దక్షిణాన ఉడవలవెలో ఉన్న గున్న ఏనుగుల కేంద్రం ఆ దారిలో తగలదు. అందుకే చాలా ప్యాకేజీల్లో దాని పేరు కనిపించదు. ఏనుగుల మేలు కోరి చూస్తే మాత్రం వెళ్లాల్సింది ఉడవలవెకే. రెండూ ప్రభుత్వానివే, రెండూ అనాథ గున్నల కోసం మొదలైనవే కదా, తేడా ఏముంటుందని అడిగేవాళ్లున్నారు. ఆ సందేహం న్యాయమైనదే.

పిన్నవల 1975లో మొదలైంది. వన్యప్రాణి సంరక్షణ శాఖ పాతిక ఎకరాల కొబ్బరితోటలో ఐదు గున్నలతో దాన్ని తెరిచింది. తల్లి చచ్చిపోయిన, మంద నుంచి తప్పిపోయిన గున్నలను సాకడం అప్పటి ఉద్దేశం. మూడేళ్లకు, 1978లో, అది జూ శాఖ చేతికి వెళ్లింది. దారి మారింది అక్కడే. 1982లో సంతానోత్పత్తి కార్యక్రమం పెట్టారు, 1984లో తొలి గున్న పుట్టింది. ఆ తర్వాత పుడుతూనే ఉన్నాయి. ఏనుగుల్లో బహు అరుదైన కవలలు కూడా 2021 ఆగస్టులో అక్కడ పుట్టాయి. ఇప్పుడున్న దాదాపు డెబ్భై ఏనుగుల్లో చాలా భాగం అక్కడ పుట్టి పెరిగినవే. వాటిని అడవికి పంపడం అక్కడి పని కాదు. కొన్నిటిని గుళ్లకు, విదేశీ జూలకు ఇచ్చారు కూడా. ఏనుగు అరవై ఏళ్లకు పైగా బతుకుతుంది కాబట్టి, పుట్టిన ప్రతి గున్నకూ అన్నేళ్ల మేత, చోటు, మావటి కావాలి. పెద్ద ఏనుగు రోజుకు నూటయాభై కిలోల దాకా మేస్తుంది. ఆ పాతిక ఎకరాల్లో అంత పచ్చిక ఎక్కడిది? కొబ్బరి మట్టలు, పనస కొమ్మలు లారీల మీద రావాల్సిందే.

సందర్శకులను అంతగా లాగేది నదీస్నానం. రోజుకు రెండు పూటలు ఏనుగుల మందను దుకాణాల వీధి గుండా మహా ఓయ నదికి తోలుకెళ్తారు. నదిలోకి దిగాక అవి పక్కకు ఒరిగి పడుకుంటాయి, గున్నలు ఒకదాని మీద ఒకటి పడతాయి. చూడ్డానికి నిజంగా బాగుంటుంది. గట్టు మీద హోటళ్ల బాల్కనీల్లో కూర్చున్నా కనిపిస్తుంది. అయితే నీళ్లను కాకుండా ఏనుగుల కాళ్లను చూడండి. కొన్నిటికి, ముఖ్యంగా పెద్ద మగవాటికి, గొలుసులుంటాయి. గట్టున మావటి చేతిలో అంకుశం ఉంటుంది. "రండి, తాకండి, ఫొటో తీసుకోండి" అని సైగ చేసి, తాకాక డబ్బుకు చెయ్యి చాస్తారు. గున్నకు సీసాతో పాలు పట్టడానికి వేరే టికెట్టు, పళ్ల బుట్టకు వేరే ధర.

తాకితే తప్పేముంది అనిపించవచ్చు. వంద మంది వచ్చి తొండం నిమురుతుంటే ఊరుకోవడం ఏ ఏనుగుకూ పుట్టుకతో రాదు. చిన్నప్పుడే కట్టేసి, అంకుశం పోటుకు భయపడేలా చేస్తేనే అంత మెత్తబడుతుంది. పైగా క్షయ మనిషి నుంచి ఏనుగుకు, ఏనుగు నుంచి మనిషికి అంటుకునే జబ్బు. స్నానం సంగతి కూడా ఇంతే. ఏనుగుకు చెమట గ్రంథులు గోళ్ల దగ్గర తప్ప ఒంటి మీద దాదాపు ఉండవు. అందుకే నీళ్లలోంచి లేవగానే ఒళ్లంతా బురద, దుమ్ము చల్లుకుంటుంది. ఎండ నుంచి, ఈగల నుంచి దాని రక్ష అదే. కొబ్బరిపీచుతో రుద్ది శుభ్రం చేసి, మళ్లీ గట్టి నేల మీదికి తోలేస్తే ఆ రక్ష పోయినట్టే. ప్రమాదం మనకూ ఉంది: 2025 జనవరిలో థాయిలాండ్‌లోని కో యావో దీవిలో ఏనుగుకు స్నానం చేయిస్తున్న స్పెయిన్ విద్యార్థిని ఒకరు అదే ఏనుగు దాడిలో చనిపోయారు.

పిన్నవలకు దక్కాల్సిన మంచి మాట ఒకటుంది. తుపాకి గుండ్లకు చూపు పోయిన ముసలి దంతికి, మందుపాతర పేలి ముందుకాలి పాదం పోయిన ఆడ ఏనుగుకు ఏళ్ల తరబడి నీడ ఇచ్చింది అదే. అలాంటివి అడవిలో బతకలేవు, వాటికి ఎక్కడో ఒక చోటు ఉండి తీరాలి. మన అభ్యంతరం ఆ ఆశ్రయం గురించి కాదు, జనం కోసం కొత్త గున్నలను పుట్టించడం గురించి.

ఇక ఉడవలవె. అక్కడి కేంద్రం సింహళ పేరు 'ఏత్ అతురు సెవన'. 1995లో వన్యప్రాణి శాఖే పెట్టింది, ఇప్పటికీ ఆ శాఖ చేతిలోనే ఉంది. పాడుబడ్డ బావుల్లో పడినవి, తల్లిని రైతులు కాల్చేయగా మిగిలినవి, అడవి పందుల కోసం పెట్టిన ఉచ్చు కాలికి కోసుకుపోయినవి, మేతలో దాచిన నాటుమందు నోట్లో పేలి దవడ పగిలినవి ఇక్కడికి వస్తాయి. శ్రీలంకలో ఈ మధ్య ఏటా మూడు వందలకు పైగా ఏనుగులు చనిపోతున్నాయి. పొలాలకూ అడవికీ మధ్య జరిగే ఆ పోరులో తల్లిని పోగొట్టుకున్న గున్నలే ఇక్కడ ఎక్కువ.

పని తీరు చూస్తే తేడా తెలిసిపోతుంది. గున్నలకు మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ, పాలు పడతారు. కట్టెల కంచె అవతల గరాటు, దానికో రబ్బరు గొట్టం. గేటు తెరవగానే గున్నలు నాలుగైదు చొప్పున పరుగెత్తుకొస్తాయి, గొట్టం నోట్లో పెట్టుకుంటాయి, గరాటులో పోసిన పాలు ఒక్క నిమిషంలో ఖాళీ. తన వంతు అయిపోయినా కదలని గున్నను సిబ్బంది పక్కకు నెడతారు. అది అరుస్తూ మళ్లీ వరసలో దూరాలని చూస్తుంది. తాగినవి పక్కనే కుప్పపోసిన ఆకుల వైపు పోతాయి. అంతే, మిగిలిన సమయమంతా అవి కట్లు లేకుండా వెనకున్న చిట్టడవిలో, జలాశయం ఒడ్డున తమలో తాము తిరుగుతుంటాయి. మనుషుల్లో వాటిని దగ్గరికి తీసేది పాలు పట్టే ఆ కొద్దిమందే.

నాలుగైదేళ్ల వయసు వచ్చాక, ఒకదానితో ఒకటి జట్టుకట్టిన గున్నలను కలిపి లారీలో తీసుకెళ్లి అడవిలో వదిలేస్తారు. కొన్నిటికి రేడియో కాలర్ కడతారు. మొదటి విడత 1998లో వెళ్లింది, ఇప్పటికి వందకు పైగా వెళ్లాయి. వాటిలో ఆడవి కొన్ని అడవిలోనే ఈనాయి కూడా. కేంద్రం పని చేస్తోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇక్కడ సందర్శకులను తాకనివ్వకపోవడానికి కారణమూ ఇదే. మనిషి చేతిలో అరటిపండు ఉంటుందని నేర్చుకున్న గున్న అడవికి వెళ్లాక తిన్నగా ఊళ్లోకి వస్తుంది, ఊళ్లో దానికి తుపాకి ఎదురవుతుంది.

సందర్శకులకు అనుమతి పాలవేళల్లోనే. మెట్లమెట్లుగా కట్టిన చప్టా మీద కూర్చుని దూరం నుంచి చూడాలి, అరగంటలో అయిపోతుంది. వేళలు అప్పుడప్పుడు మారుస్తారు గనక ముందురోజు సాయంత్రమే బస చేసిన చోట కనుక్కోవాలి. సమయానికి ఇరవై నిమిషాల ముందు చేరితే ముందు వరస దొరుకుతుంది. సెలవు రోజుల్లో బడిపిల్లల బస్సులు దిగితే వెనక నిలబడ్డవాళ్లకు తలలే కనిపిస్తాయి. ఇంత దూరం వచ్చి గున్నను నిమరలేకపోయామే అని పిల్లలు ముఖం చిన్నబుచ్చుకోవడం మామూలే. వాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి. లోపల చిన్న సమాచార కేంద్రం ఉంది, దాన్ని వదలకుండా చూడండి.

ఉడవలవెకు వెళ్లినవాళ్లు ఏనుగులను తనివితీరా చూడాలంటే పక్కనే ఉన్న జాతీయ పార్కుకు వెళ్లాలి. 1972లో ఏర్పడింది, విస్తీర్ణం మూడు వందల చదరపు కిలోమీటర్లకు పైమాటే. నడుమ జలాశయం, చుట్టూ గడ్డి మైదానం, పొదలు. అందుకే ఏడాది పొడవునా ఏనుగులు కనిపిస్తాయి. ఉత్తరాన ఉన్న మిన్నేరియలో వందల ఏనుగులు చెరువు గర్భంలో చేరడం గొప్ప దృశ్యమే కానీ, అది అక్కడి ఎండాకాలపు ముచ్చట: ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో ఎక్కువ. ఆ రోజుల్లో జీపులు కూడా ఏనుగులకు పోటీగా చేరతాయి.

ఉడవలవె పార్కు గేటు ఉదయం ఆరింటికి తెరుస్తారు. ఆ సమయానికి గేటు దగ్గరుంటే మంచిది. తొమ్మిది దాటితే ఎండకు ఏనుగులు పొదల్లోకి జారుకుంటాయి. జీపు మాట్లాడేటప్పుడు అడగాల్సింది ఒకటే: చెప్పిన ధరలో పార్కు టికెట్లు కలిసున్నాయా, లేవా? పార్కు లెక్కలో మనిషికి టికెట్టు, బృందానికి సేవా రుసుము, బండి రుసుము, వాటి మీద పన్ను విడివిడిగా ఉంటాయి. ఒక్కరే వెళ్తే భారమవుతుంది, నలుగురైతే తేలికవుతుంది. సార్క్ దేశాల వాళ్లకు ధర తక్కువ, పాస్‌పోర్టు చూపిస్తేనే. దాన్ని హోటల్ లాకర్లో వదిలేసి వచ్చి పూర్తి ధర కట్టేవాళ్లు చాలామంది. డ్రైవరుకు ఎక్కేముందే చెప్పండి: దగ్గరికి తోలొద్దు, ఇంజను ఆపు, మందకూ గున్నకూ మధ్య దూరొద్దు. ఏనుగు చెవులు బార్లా చాపి, తల ఎత్తి, కదలకుండా నిలబడితే అది మనల్ని పొమ్మంటున్నట్టే. టిప్పు ఎక్కువొస్తుందన్న ఆశతోనే డ్రైవర్లు మీదమీదకి తోలతారు. దూరంగా ఆపినందుకు టిప్పు ఇస్తే ఆ అలవాటు మారుతుంది.

దంతాలు కనిపించలేదని నిరాశ పడకండి. మన నీలగిరి ఏనుగుల ఫొటోలు చూసిన కళ్లకు వింతగా ఉంటుంది కానీ, శ్రీలంక మగ ఏనుగుల్లో దంతాలున్నవి నూటికి పది కూడా ఉండవు.

సిగిరియ, హబరణ చుట్టూ ఏనుగు సవారీ బోర్డులు కూడా కనిపిస్తాయి. దాని మీద ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఏనుగు వెన్నుపూసల మొనలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మీద అంబారీ, దాని మీద మనుషులు, కింద కాలే తారురోడ్డు. ఎక్కకండి. 'అభయారణ్యం', 'ఫౌండేషన్' అన్న పేర్లతో ఉన్న ప్రైవేటు శిబిరాలకు కూడా డ్రైవర్లు కమీషను కోసం తీసుకెళ్తుంటారు. అక్కడ సవారీ ఉందా, స్నానం చేయించనిస్తారా, గున్నలు ఎక్కడి నుంచి వచ్చాయి అని ఫోన్లోనే అడిగేయండి. ఏనుగు నిలబడ్డ చోటే తలను అటూ ఇటూ గడియారం లోలకంలా ఊపుతుంటే అది ఆటా కాదు, నాట్యమూ కాదు. ఏళ్లకేళ్లు కట్టేసినందువల్ల వచ్చే జబ్బు.

ప్యాకేజీ మార్చుకోవడం పెద్ద కష్టం కాదు. నువర ఎలియ తర్వాత తిరిగి క్యాండీ మీదుగా కొలంబో రాకుండా, ఎల్ల అనే ఊరి మీదుగా దక్షిణానికి దిగండి. ఎల్ల నుంచి ఉడవలవెకు రెండు, రెండున్నర గంటలు. మధ్యాహ్నానికి చేరి, సాయంత్రపు పాలవేళ చూసి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారి పార్కుకు వెళ్లి, టిఫిను చేసి బయలుదేరితే సాయంత్రానికి కొలంబోలో ఉంటారు. ఒక రాత్రి బస అదనం, పిన్నవల టికెట్టు మిగులు. బుక్ చేసేటప్పుడే చెబితే ట్రావెల్స్ వాళ్లు మారుస్తారు. శ్రీలంకలో దిగాక చెబితే మాత్రం హోటళ్లు ఖరారై ఉంటాయి గనక కుదరదు.

ముసలివాళ్లతో వెళ్లి, పిన్నవల తప్ప వేరే దారి లేకపోతే, నది గట్టు నుంచి చూసి వచ్చేయండి. పాలసీసా టికెట్టు, పళ్ల బుట్ట కొనకండి, మావటి సైగ చేస్తే నవ్వి తల అడ్డంగా ఊపండి. టికెట్టు డబ్బు ఎలాగూ వెళ్తుంది, తాకినందుకిచ్చే డబ్బు ఆపడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఉడవలవె పార్కు పక్క రోడ్డున కరెంటు కంచె అవతల అడవి ఏనుగులు వరసగా నిలబడి తొండం చాస్తుంటాయి. పళ్ల దుకాణాలు కూడా అక్కడే ఉంటాయి. కార్లు ఆపి పళ్లు విసిరేవాళ్లను చూసి మీరూ ఆపకండి. అడవి ఏనుగుకు మేత పెట్టడం నేరం. కతరగామ స్వామి దర్శనానికి వెళ్లేవాళ్లకు బుత్తల–కతరగామ రోడ్డులో ఇదే ఇంకా దగ్గరగా ఎదురవుతుంది. అక్కడ ఏనుగులు ఏకంగా బండి ఆపి కిటికీలో తొండం పెడతాయి. ఆ రోడ్డెక్కే ముందే పళ్లు, ప్రసాదాలు డిక్కీలోకి మార్చి, అద్దాలు ఎత్తేసుకోండి. చీకటి పడకముందే దాన్ని దాటేయాలి.